మూడో రెక్క ఎక్కిన రోజు

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను బొగ్గు మండించాను. కృష్ణ ఒడ్డున ఒక థర్మల్ ప్లాంటు, అందులో కంట్రోల్ రూం, ఆ రూంలో బాయిలర్ డెస్కు ముందు నా కుర్చీ. మా క్వార్టర్స్‌లో ఉదయం తెల్ల చీర ఆరేస్తే సాయంత్రం బూడిద రంగు చీర తీసుకోవలసి వచ్చేది. అయినా బొగ్గు మీద నాకు కోపం లేదు. అన్నం పెట్టింది, ఇద్దరు పిల్లల్ని చదివించింది.

రిటైరయ్యాక కూడా మా పాత సహోద్యోగులం ఎవరో ఒకరింట్లో కలుస్తూంటాం. అక్కడ గాలి కరెంటు మాట వస్తే చాలు, నవ్వులే నవ్వులు. "గాలి ఆగిపోతే విసనకర్రలు పట్టుకుని నిలబడతారేమో" అంటాడు ఒకాయన. నేనూ నవ్వేదాన్ని. ఒకరోజు ఈ సంగతి ఫోన్లో రేష్మాకు చెప్పాను. రేష్మా ఒకప్పుడు మా దగ్గర అప్రెంటిస్. సొంతూరు ఆదోని. ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే, ఆస్పరి వైపు కొండల మీద గాలిమరలు నిలబెట్టే చోట ఇంజినీరు.

"నవ్వేది తర్వాత మేడం. ముందు వచ్చి సూడండి. శ్రావణంలో రండి, గాలి ఎట్లుంటాదో తెలుస్తాది" అంది.

వెళ్లాను. చూసి వచ్చాను. అటువైపు వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆదోని

రైలు దిగి ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే గాలి నా గొడుగును వెనక్కి మడిచి పారేసింది. ఆటో అతను దాన్ని చూసి, "ఈడ గొడుగు పనికి రాదమ్మా, తలకు గట్టిగా గుడ్డ కట్టుకోవాల" అన్నాడు. ఎక్కడికని అడిగి, చెప్పాక, "ఓ, ఫ్యాన్లు సూసేకి వచ్చినారా!" అన్నాడు. గాలిమరలు అనే మాట ఆ తర్వాత నాకు పెద్దగా వినబడలేదు. అందరికీ అవి ఫ్యాన్లే.

దారిలో పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. మిల్లుల రేకుల కప్పుల మీద వరసగా సోలార్ పలకలు పరిచి ఉన్నాయి. వాటి మీద పత్తి నూగు పేరుకోకుండా ఒకతను పొడవాటి కర్రకు గుడ్డ చుట్టి తుడుస్తున్నాడు. మా ప్లాంటులో బూడిద ఊడ్చే పని గుర్తొచ్చింది. ఏ కరెంటుకైనా ఎవరో ఒకరు ఊడవక తప్పదన్నమాట.

ఆటో అతనే ఒక చిన్న హోటల్ ముందు ఆపాడు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా ఆదోని నుంచి ఎవరూ పోరట. మనం మరమరాలంటాం, వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయలతో తాలింపు వేసి, పుట్నాల పొడి కలుపుతారు. మన వైపు మరమరాలు సాయంత్రం కాలక్షేపానికి, ఇక్కడ అవే పొద్దున కడుపు నింపే టిఫిను. ప్లేటు నలభై రూపాయలు. గుంటూరు కారం తిన్నదాన్నని ధైర్యంగా బజ్జీ కొరికాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. హోటల్ అతను ఒక చెంచా చక్కెర తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టాడు.

ఆ రాత్రి రేష్మా ఇంట్లోనే భోజనం. వాళ్లమ్మ వడ్డిస్తూ అంది: "మా పిల్ల గాలి తగ్గాలని దువా చేస్తాంది. దాని కంపెనీవాళ్లు గాలి రావాలని మొక్కుకుంటాండారు. పైనున్న ఆయన ఎవురి మాట వినాల మేడం?"

నాకు అర్థం కాలేదు. రేష్మా నవ్వింది. "రేపు కొండ మీద సెప్తాను."

కొండ మీద

దూరం నుంచి చూస్తే గాలిమర అందంగా, తేలిగ్గా ఉంటుంది. కింద నిలబడి తల పైకెత్తితే మెడ పట్టేస్తుంది. రెక్క ఒక్కొక్కటీ మా క్వార్టర్స్‌లో ఒక వరస ఇళ్లంత పొడవు. నేను చూడబోయిన గాలిమరకు రెండు రెక్కలే ఉన్నాయి. మూడోది కింద, ఇనుప దిమ్మెల మీద పడుకుని ఉంది. పక్కన క్రేను తల ఎత్తుకుని ఊరకే నిలబడి ఉంది.

"గాలి తగ్గితే గానీ రెక్క యెత్తేకి కాదు మేడం" అంది రేష్మా. "ఇంత గాలిలో యెత్తితే రెక్క గాలిపటం మాదిరి తిరుగుతాది. క్రేనునే లాగేస్తాది. శ్రావణానికి ముందే అయిపోవాల్సింది, రెక్క వచ్చేది ఆలస్యమైపాయ. రోజూ తెల్లవారుజామున సూస్తాండాం, ఇంకా తగ్గల్యా."

గాలిని పట్టడానికి వచ్చినవాళ్లు గాలి తగ్గాలని ఎదురుచూడడం! నాకు నవ్వొచ్చింది. రేష్మాకు రాలేదు. రెండు రెక్కలతో గాలిమరను అలా ఎక్కువ రోజులు ఉంచకూడదు. బరువు ఒకవైపే ఉండడంతో గాలి కొట్టినప్పుడల్లా లోపలి భాగాల మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి పుట్టే కీచుమనే శబ్దం నాకూ వినిపించింది. సమంగా తిరగని యంత్రం ఎక్కడైనా అలాగే ఏడుస్తుంది.

గాలి తగ్గినా ఇంకో చిక్కు ఉంది. రెక్క పైకి లేచేటప్పుడు తిరిగిపోకుండా దాని రెండు కొసలకూ పొడవాటి తాళ్లు కట్టి, మనుషులు చాలా దూరంగా నిలబడి పట్టుకోవాలి. ఒక తాడు పట్టేవాళ్లు నిలబడాల్సిన చోటు కొండ కింది వేరుశనగ చేను. ఆ చేను ఈరమ్మది. ఈరమ్మ ససేమిరా ఒప్పుకోవడం లేదు.

మేం వెళ్లేసరికి ఆమె చేని గట్టు మీదే ఉంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది. కొంగు నడుముకు బిగించి, చేతిలో కలుపు తీసే దోకె.

"మళ్లీ వచ్చినావా పాపా?" అంది రేష్మాతో. "నేను సెప్పిందే సెప్తాను. ముందు నా నీళ్లకు దారి ఇడవండి. తర్వాత మీ తాడు."

విషయం కళ్లకు కనబడుతూనే ఉంది. క్రేను ఎక్కడానికి కంపెనీ కొండకు అడ్డంగా మట్టిరోడ్డు వేసింది. కొండ మీద కురిసిన వాన ఎప్పటినుంచో దిగే సన్నని వంక ఆ రోడ్డు కింద పూడిపోయింది. మొన్నటి వానకు నీళ్లు రోడ్డుకు పైన నిలిచి, గండి కొట్టుకుని, అడ్డదిడ్డంగా ఈరమ్మ చేలో పడ్డాయి. ఒక పట్టె పొడవునా మొక్కలు పసుపు రంగుకు తిరిగి కుళ్లిపోయాయి. చేని అవతలి చివర, నీళ్లు అందాల్సిన చోట, బీటలు.

"కాంట్రాక్టరుకు ఎన్నోసార్లు సెప్పినాను అవ్వా. పైపులు రేపేస్తా, మాపేస్తా అంటాండాడు" అంది రేష్మా.

"వాని రేపు యాడుందో వానికే తెల్దు. నువ్వు మంచిదానివే. కానీ నీ మంచితనం నా సేనుకు నీళ్లు పెట్టదు కదా."

తర్వాత నా వైపు తిరిగింది. "ఈయమ్మెవురు?"

నేను బొగ్గు కరెంటు తయారుచేసినదాన్నని, ఇది చూడడానికి వచ్చానని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "కూకో" అని గట్టు చూపించి, మూట విప్పి సగం జొన్నరొట్టె, దాని మీద శెనక్కాయల కారం పెట్టి ఇచ్చింది. మన పుల్కాలా కాదు, అరచేతులతో తట్టి కాల్చిన పెద్ద రొట్టె. నమలడానికి ఓపిక కావాలి. నేను తింటున్నంతసేపూ రేష్మా నిలబడే ఉంది. ఆమెకు రొట్టె ఇవ్వలేదు.

మర్నాడు సోమవారం. ఈరన్న స్వామి దర్శనానికి ఉరుకుంద పోతున్నానని ఈరమ్మ చెప్పింది. నేనూ వస్తానన్నాను.

"నన్ను ఒప్పించేకా?"

"కాదు. దేవుణ్ణి చూడడానికి."

"అట్లయితే రా."

ఉరుకుంద

శ్రావణ సోమవారం ఉరుకుంద బస్సు ఎక్కడమంటే సగం ప్రాణం కింద వదిలి ఎక్కడమే. కర్ణాటక వైపు నుంచి వచ్చినవాళ్లు కన్నడంలో, మనవాళ్లు తెలుగులో తిట్టుకుంటూ, అదే నోటితో ఒకరి పిల్లల్ని ఒకరు ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నారు. నాకు కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఈరమ్మ ముందే తన సంచి లోపలికి విసరడం వల్లే.

బస్సు కదిలాక ఆమె అడిగింది: "బొగ్గు కరెంటంటే, మా మోటార్లకు వచ్చిందీ అదేనా?"

"చాలా ఏళ్లు అదే."

"రాత్రి పూట ఇడుస్తాండ్రి సూడు, అదీ?"

అవునన్నాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. అప్పట్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదట. నడిజామున వస్తే లేచి, బ్యాటరీ లైటు పట్టుకుని చేనికి పోయి మోటారు వేయాలి. అలా వెళ్లినప్పుడే వాళ్లాయన తిమ్మప్పను గట్టు మీద పాము కరిచింది. ఆదోని ఆసుపత్రిలో బతికాడు కానీ కుడికాలు ఇప్పటికీ సరిగా మోపలేడు. ఆ తర్వాత రాత్రిళ్లు మోటారు వేయడానికి ఈరమ్మే వెళ్లేది.

"నేను పోయినప్పుడల్లా ఆయప్ప నిద్ర పోకుండా మంచం మీద కూకోని ఉండేది. నేను తిరిగొచ్చి కాళ్లు కడుక్కునే సప్పుడు ఇన్యాకే పండుకునేది."

ఆమెకు తెలియని సగం నాకు తెలుసు. చెప్పాలనిపించింది, చెప్పాను. రాత్రి ఊళ్లన్నీ నిద్రపోతే కరెంటు వాడకం పడిపోతుంది. బాయిలర్‌లో మంట ఒక హద్దు కంటే తగ్గిస్తే ఆరిపోతుంది. పొయ్యి మీది కుండలా దించి పెట్టేది కాదది. అందుకని ఆ వేళ పొలం మోటార్లు నడిస్తే మాకు ఊపిరాడేది. రాత్రి డ్యూటీలో తెర మీద లోడు గీత నిలకడగా ఉందంటే, ఎక్కడో చేలల్లో మోటార్లు తిరుగుతున్నాయని మాకు తెలిసేది. మోటారు పక్కన మనిషి ఉంటుందని మాత్రం ఆ గీతలో కనబడదు.

ఈరమ్మ నా మొహంలోకి చూసింది. ఏమంటుందో అనుకున్నాను.

"అంటే ఆ పొద్దు నువ్వు గూడ మేలుకోనే ఉంటివా?"

"నైట్ డ్యూటీ కదా, మేలుకునే ఉండేదాన్ని."

"పాపం. పిల్లలు సిన్నోళ్లేమో అప్పుడు" అంది. సంచిలోంచి ఒక అరటిపండు తీసి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆమె మోటారుకు కరెంటు పగలే వస్తోంది. సోలార్ ఎక్కువయ్యాక పగటి పూట కరెంటు మిగులుతోంది కనుక ఇవ్వగలుగుతున్నారు. ఈ మార్పును నేను కాగితాల మీద చదివాను. అరటిపండు తింటూ బస్సులో విన్నది వేరు.

ఉరుకుందలో తలలు తప్ప నేల కనబడలేదు. కొత్త కుండల్లో వండిన నైవేద్యాలు, పొగ, కొబ్బరికాయల చప్పుడు. దర్శనం అయ్యాక ఒక కుటుంబం పిలిచి మరీ ఓళిగలు పెట్టింది. మన బొబ్బట్లే, కానీ కాగితంలా పల్చగా ఉంటాయి, మీద పాలు పోసుకుని తింటారు. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "ఇంగొకటి ఎయ్యించుకో అక్కా" అంటూ విస్తరి ఖాళీ కానివ్వలేదు.

ఎమ్మిగనూరు

తిరుగు ప్రయాణంలో తోపులాటలో మేమిద్దరం ఆదోని బస్సనుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాం. సగం దారిలో కండక్టరు చెప్పాడు. ఈరమ్మ నన్ను తిట్టింది, నేను కండక్టరును అడగలేదని. నేను ఆమెను తిట్టలేదు, సీటు పట్టింది ఆమే కనుక.

ఎమ్మిగనూరులో ఆదోని బస్సు కోసం ఒక పిండి గిర్ని ముందు నీడలో నిలబడ్డాం. గిర్ని కప్పు మీద సోలార్ పలకలు. జొన్నపిండితో తల నెరిసినట్టున్న యజమానిని, మబ్బు పడితే ఎలా అని అడిగాను. మా సహోద్యోగులు అడిగే ప్రశ్నే అది.

"మబ్బు పడితే మెల్లగా పోతాదమ్మా, లైను కరెంటు కలుపుకుంటాను. రాత్రికి నేను గిర్ని ఎయ్యనే ఎయ్యను. మా ఆడోళ్లు సంతోషంగా ఉండారు" అన్నాడు.

ఈరమ్మ నన్ను పట్టుకుంది. "సరే, నువ్వు సదువుకున్నదానివి సెప్పు. గాలి లేని పొద్దు, ఎండ లేని పొద్దు, అప్పుడెట్ల?"

అప్పుడు నేను చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఈ గడ్డ మీద ఎండ పగలు కాస్తుంది. ఈ కాలంలో గాలి సాయంత్రం నుంచి ఊపందుకుంటుంది. ఒకటి తగ్గే వేళకు రెండోది లేస్తుంది. మధ్యలో పడే లోటుకు, పగలు మిగిలిన కరెంటుతో నీళ్లు కొండ మీదికి తోడి నిలవచేసి, చీకటి పడ్డాక కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే పద్ధతి ఉంది. పెద్ద బ్యాటరీలూ వస్తున్నాయి. అవన్నీ సరిపడా వచ్చేదాకా మా బాయిలర్లు కొన్నాళ్లు ఉండాల్సిందే. కానీ మొదటి కుర్చీ ఇక వాటిది కాదు. ఈ మాట నేను నవ్వుతూనే చెప్పగలిగాను.

"మరి బొగ్గు కాడ పన్జేసే మనుషులో?"

రేష్మాలాంటి వాళ్లు ఇటు మారిపోయారు. వ్యాగన్ల నుంచి బొగ్గు దించే కాంట్రాక్టు కూలీలకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అదే చెప్పాను.

"నా వంకకు సెప్పినట్లేనా?" అంది ఈరమ్మ. "ముందు రోడ్డేస్తారు, తర్వాత పైపు గుర్తొస్తాది."

మళ్లీ కొండ దగ్గర

మర్నాడు ఈ మాటలన్నీ రేష్మాకు చెప్పాను. ఆమె టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత తన పైఅధికారికి ఫోన్ చేసింది. ముందు రెక్క, తర్వాత పైపు అన్నాడాయన. రోడ్డు తవ్వితే చిక్కేమిటో ఆమెకు నాకంటే బాగా తెలుసు. అంబులెన్సు కొండెక్కే దారి తెరిచి లేకపోతే రెక్క ఎత్తకూడదు, అది నిబంధన. రోడ్డు తవ్వి ఉండగా గాలి తగ్గిందంటే, ఇన్నాళ్లు ఎదురుచూసిన అవకాశం చేజారుతుంది.

"సార్, తాడు పట్టేకి సేను ఇయ్యకపోతే గాలి తగ్గినా యెత్తలేం కదా" అంది ఫోన్లో. "పైపులు పక్క టవరు కాడ ఉత్తగా పడుండాయి. నేను తెప్పిస్తాండాను. బాధ్యత నాది."

మధ్యాహ్నానికి జేసీబీ వచ్చి రోడ్డును అడ్డంగా కోసింది. సిమెంటు పైపులు దింపారు, వరసగా పేర్చారు. ఇక మట్టి కప్పడమే మిగిలిందనగా జేసీబీ నూనె గొట్టం పగిలింది. కొత్తది ఆదోనిలో దొరకలేదు, గుంతకల్లు నుంచి రావాలి. చీకటి పడింది. రోడ్డు నోరు తెరుచుకుని అలాగే ఉంది.

నేను ఆ పూట చేను పక్కనే ఉన్న ఈరమ్మ ఇంట్లో పడుకున్నాను. తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. ఏం తేడా ఉందో కాసేపు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పైకప్పు రేకులు చప్పుడు చేయడం లేదు. గాలి ఆగిపోయింది.

బయటికి వచ్చేసరికి రేష్మా రోడ్డు గండి అంచున నిలబడి ఉంది. కొండ మీద క్రేను ఇంజను వేడెక్కుతున్న శబ్దం. ఆమె గాలి కొలిచే మీటరు చూస్తోంది, గండి చూస్తోంది. ఏడుపు ఆపుకుంటున్న మనిషిని నేను గుర్తుపట్టగలను.

ఈరమ్మ నా వెనకే వచ్చింది. పైపుల దగ్గరికి దిగి, వంగి, ఒక చివర నుంచి రెండో చివరకు కన్ను పెట్టి చూసింది. లేచి చేతులు దులుపుకుంది.

"సక్కంగ పెట్టినారు" అంది. తర్వాత ఊరి వైపు తిరిగి గొంతెత్తింది. "ఒరే రామాంజనీ! ట్రాక్టరు తీయప్పా! పారలు, గంపలు తెమ్మను అందర్నీ. దావ పూడ్సాల!"

ఆ తర్వాత జరిగింది నేను మర్చిపోను. ట్రాక్టరు వెనక బ్లేడుతో మట్టి తోస్తుంటే, ఆడవాళ్లు గంపలతో పోస్తుంటే, తాళ్లు పట్టడానికి వచ్చిన మనుషులు కూడా పారలు అందుకున్నారు. తిమ్మప్ప కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఒక రాయి మీద కూర్చుని, మట్టి ఎక్కడ తక్కువైందో అరిచి చెప్పాడు. నేనూ గంప ఎత్తాను. నడుము పట్టేసి రెండోసారికే దించేశాను. అందరూ నవ్వారు. గండి పూడింది. అంబులెన్సును ఒకసారి దాని మీదుగా పోనిచ్చి చూసుకుని, రేష్మా క్రేనుకు చెయ్యి ఊపింది.

ఈరమ్మ తాడు పట్టేవాళ్లను తనే చేలోకి తీసుకుపోయింది. "కుళ్లిపోయిన పట్టెలో నిలబడండి. బాగున్న సెట్టు తొక్కితే కాళ్లిరగ్గొడతా" అంటూ.

రెక్క నేల నుంచి లేచింది. అంత పెద్దది అంత నెమ్మదిగా లేవగలదని నేననుకోలేదు. మధ్యలో ఒకసారి చిన్న గాలి తగిలి దాని కొస పక్కకు జరిగింది. చేలోని వాళ్లు వెనక్కి వాలి తాడు బిగించారు. రెక్క ఆగింది. పైన మనుషులు చీమల్లా కదిలారు. కాసేపటికి రేష్మా చేతిలోని వాకీటాకీలో హిందీలో ఒక మాట వినిపించింది. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. మూడో రెక్క ఎక్కింది.

మధ్యాహ్నానికి గాలి మళ్లీ లేచింది, దానితో వాన. అందరం క్రేను పక్కన టార్పాలిన్ కిందికి పరుగెత్తాం. కరెంటు ఇవ్వడానికి ఇంకా కొన్నాళ్లు పరీక్షలున్నాయి, అయినా మూడు రెక్కలూ సమంగా నిలిచిన ఆ తెల్లటి ఆకారాన్ని వానలో తలలెత్తి చూస్తున్నాం. ఫోటోలు తీసుకుంటున్నాం. రేష్మా వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి చూపిస్తోంది.

ఈరమ్మ కనబడలేదు. చూస్తే కింద రోడ్డు పక్కన, వానలో తడుస్తూ, పైపు చివర వంగి నిలబడి ఉంది. గాలిమరకు వీపు పెట్టి ఉంది. ముందు పైపులోంచి ఎండుటాకులు వచ్చాయి, తర్వాత బురద, తర్వాత ఎర్రటి నీళ్లు ఒక్క ఉరవడిన దూకి పాత వంకలో పడ్డాయి. పడి, ఆ వంక ఎటు తిరిగితే అటు తిరుగుతూ బీటలు వారిన చివరి వైపు పరుగెత్తాయి.

"పాపా!" అని కేకేసింది ఈరమ్మ, పైకి చూడకుండానే. "వచ్చినాయి! ఈడికి రా, వచ్చి సూడు!"

రేష్మా ఫోన్ నా చేతిలో పెట్టి, వానలోకి దిగి పరుగెత్తింది.